విలువిద్య నేర్చు బిడ్డలు

దసరా పండుగ నాళ్లలో బడిపిల్లలు రంగుకాగితములు చుట్టిన విల్లంబులు చేతబట్టి, అయ్యవారి వెంట ఇల్లిల్లు తిరిగి, పాటలు పాడి పప్పుబెల్లములు పుచ్చుకొను ఆచారము మన ఆంధ్రదేశమున చిరకాలము సాగినది. ఆ వింటినుండి వెడలునది బాణము కాదు, బుక్కాపిండియో, పూలరేకులో. ఇల్లాలు నవ్వుచు చీర దులుపుకొనెడిది. పిల్లవాడు ప్రక్కయింటికి పరుగెత్తెడివాడు. ఇంతకంటె నిరపాయమైన ఆయుధము లోకమున మఱియొకటి యుండబోదు. బడిపంతులుగారి యిల్లాలిని గనుక ఆ విల్లంబుల ముచ్చటలు పెద్దలనోట నెన్నియో వినియున్నాను.

నేడు పిల్లలు కోరుచున్న విల్లు అది కాదు. కృష్ణాతీరమందలి విజయవాడ మన రాష్ట్రమున ఈ విద్యకు పుట్టినిల్లు వంటిదైనది. అచ్చట 1996లో జన్మించిన వెన్నం జ్యోతిసురేఖ 2017లో అర్జున పురస్కారమును బడసెను. 2023లో చైనాదేశపు హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలిచెను. ఒకటి తానొక్కతెయు, ఒకటి స్త్రీల జట్టుతోడను, వేఱొకటి స్త్రీపురుషుల మిశ్రజట్టునందును. ఆ యూరివాడే యగు బొమ్మదేవర ధీరజ్ 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో అంకితా భకత్‌తో గూడి మిశ్రజట్టు పోటీలో నాలుగవ స్థానము వఱకు వచ్చెను. ఆ పట్టణమున ఈ విద్యకు పాదువేసినవారిలో చెరుకూరి లెనిన్‌గారొకరు. బాణముల నడుమనే బ్రతుకు గడపిన ఆయన 2010లో పోయినది బాణమువలన గాదు, బాటమీది ప్రమాదమువలన. ఈ కథలన్నియు విని మన పిల్లలు ఊరకుందురా? వేసవి సెలవులు రాగానే, "అమ్మా, నేనును విల్లు పట్టెదను" అని కొంగు పట్టుకొనుచున్నారు. వారిలో ఆడపిల్లలును తక్కువవారు కారు.

అప్పుడు తల్లులలో రెండు తెగలు కనబడుచున్నవి. ఒకతె, "అయ్యో, కన్ను పోవునే, చేయి విఱుగునే, రేపు పెండ్లి యెట్లు?" యని తలుపు మూసివేయును. వేఱొకతె నెలరుసుము చెల్లించి, అంగీకారపత్రమున అడిగినచోటనెల్ల సంతకము చేసి, ఆ స్థలమెట్టిదో ఒక్కనాడైనను కన్నెత్తి చూడదు. మొదటి యామెకు నరకాసురునిపై విల్లెక్కుపెట్టిన సత్యభామను పోతనగారి భాగవతములో చూపిన చాలును. ఆడుదాని చేతికి విల్లు క్రొత్తది కాదు. రెండవ యామెకొఱకే ఈ వ్యాసము. విలువిద్యకు బిడ్డను పంపవచ్చును. చూడక మాత్రము పంపరాదు. చూచుట యనగా నేమి చూడవలెనో తెలియవలెను గదా!

మన పురాణములను తలచి చూడుడు. విల్లుచేసిన ఘోరములలో కొన్ని యుద్ధభూమియందు జరిగినవి కావు. దశరథుడు చీకటిలో కడవ మునిగిన సవ్వడి విని ఏనుగనుకొని బాణము విడిచెను, మునికుమారుడు కూలెను. పాండురాజు లేడియని వేసెను. అది మృగరూపమున నున్న ముని. బోయవాడు పొదచాటున కదలిన పాదమును జంతువని వేసెను, కృష్ణావతారమే ముగిసెను. ఈ మువ్వురును గుఱి తప్పినవారు కారు. గుఱి తప్పకుండుటయే అచ్చట చేటు తెచ్చినది. వారు తాము చూడనిదానిని వేసిరి. నేటి శిక్షకులు పిల్లలకు మొట్టమొదట నేర్పునదియు నిదియే: లక్ష్యమునకు ముందేమున్నదో, వెనుకనేమున్నదో తెలియక నారి లాగరాదు.

ద్రోణాచార్యుడు చెట్టుకొమ్మపై బొమ్మపక్షి నుంచి శిష్యులను పరీక్షించిన కథ అందరకు తెలిసినదే. నీకేమి కనబడుచున్నదని యడుగగా ధర్మరాజు చెట్టును, పక్షిని, తమ్ములను, గురువును అన్నియు కనబడుచున్నవనెను. గురువు అతనిని ప్రక్కకు తొలగుమనెను. అర్జునునకు పక్షితల యొక్కటే కనబడెను, గెలిచెను. ఇది శిష్యునకు పెట్టిన పరీక్ష. పదిమంది పసివాండ్ర చేతికి విండ్లిచ్చి నేర్పువానికి పరీక్ష దీనికి తలక్రిందులు. బిడ్డకు పక్షితల తప్ప తక్కినదేదియు కనబడనప్పుడు, ఆ తక్కినదంతయు కనబడవలసినవాడు గురువు: చెట్టును, కొమ్మలును, చెట్టువెనుకనుండి పోవు మేకలకాపరియు, వరుస తప్పి ముందుకు జరిగిన చిన్నవాడును. ద్రోణుడు త్రోసిపుచ్చిన ధర్మరాజు సమాధానమే విలువిద్య నేర్పువాని సమాధానము కావలెను. మీ బిడ్డ శిక్షకుడు పెద్ద విలుకాడు కావచ్చును, పతకములు పొందియుండవచ్చును. తానును విల్లు పట్టుకొని పిల్లలతోపాటు వేయుచుండునేని ఆ స్థలమున చూచువారు లేరన్నమాటయే.

ఇక స్థలము. నెల్లూరి సీమలో పిల్లల ఆటలకు బడి ఆవరణలే దిక్కు. వాని సంగతి నాకు కొంత తెలియును. గోడకావల వీధి యుండును. బంతి పడినచో పిల్లలు గోడ దుమికి వత్తురు. పుల్లలకో గడ్డికో వచ్చిన ముసలమ్మ అడ్డముగా నడచిపోవును. మేకల మాట చెప్పనే యక్కఱలేదు. బంతియాటకు ఇవి యేమంత అడ్డములు కావు. విలువిద్యకు వీనిలో ఒక్కటియు పనికిరాదు. దిమ్మ వెనుకను, ఇరుప్రక్కలను మనుష్యసంచారమే యుండరాదు. ఆ వైపున తలుపుగాని సందుగాని యున్నచో అభ్యాసము జరుగునంతసేపు తాళము వేయవలెను. తాళము కుదరనిచోట త్రాడుకట్టి ఎఱ్ఱగుడ్డ వ్రేలాడదీసి ఒకరిని కావలియుంచవలెను. ఇటుకగోడ యున్నది గదా యని ధైర్యపడుటయు తగదు. దిమ్మను తప్పిన బాణము గోడకు తగిలి ముక్కలై తిరిగి ఎగురును. దిమ్మవెనుక బాణము నాపుటకై చేసిన దట్టపు వల వదులుగా వ్రేలాడవలెను. లేదా మెత్తని మట్టికట్ట యుండవలెను.

మైపాడు, కోడూరు ప్రాంతములవారికి సముద్రపుటొడ్డున ఇసుకదిబ్బ లున్నవి. ఇసుక బాణమును చక్కగా మ్రింగును. కాని దిబ్బకావల నెవరున్నారో ఈవలివానికి కానరాదు. చేపలగంప నెత్తిన బెట్టుకొని వచ్చు స్త్రీయో, వల ఆరవేసికొను ముసలివాడో అచ్చట నుండవచ్చును. సరుగుడుతోపులును అట్టివే: చూచుటకు నిర్జనముగ నుండును, మ్రాకుల నడుమ ఎండుపుల్ల లేరుకొనువారు వంగియుందురు. దిబ్బమీద నొక కావలివాడు లేనిచోట ఇసుకను నమ్మరాదు.

గాలినిగూర్చియు నొకమాట. వేసవిలో ప్రొద్దు వాలుటకు ముందే మనకు తూర్పునుండి సముద్రపుగాలి వచ్చును. ఉక్కలో ఉడికిపోవు నెల్లూరివారికి అది ప్రాణము లేచివచ్చు గాలి. పిల్లల తేలికబాణమునకు మాత్రము త్రోవ తప్పించు గాలి. ఉదయమున గాలి నెమ్మదిగ నుండును, ఎండ తీవ్రతయు తక్కువ. దిమ్మలను ఉత్తరముగ నుంచుట వాడుక; తూర్పు పడమరలుగ నుంచినచో ఎండ కంటబడి పిల్లలకు గుఱి చెదరును. గాలి బలముగ వీచునాడు, వానపడునాడు అభ్యాసము మానిపించు గురువును పిల్లలు తిట్టుకొందురు. తల్లులు అతనిని మెచ్చుకొనవలెను.

ఇన్నింటికంటె ముఖ్యమైనది గీత. నేలమీద సున్నముతో రెండు గీతలు గీయుదురు. ముందరిదానిపై బాణము వేయు పిల్లలందరు ఒకే వరుసగా, కాలొకటి గీతకీవల, ఒకటి ఆవల నుంచి నిలుతురు. దానికి కనీసము 5 మీటర్లు వెనుకనున్నది వేచియుండు గీత. వంతురాని పిల్లలు దానిని దాటి రారాదు. 1931లో నెలకొన్న ప్రపంచ విలువిద్యా సమాఖ్య తన పోటీలలో పాటించు కొలత యిది. చిన్నవాండ్రు దగ్గఱనుండి వేయుదురు కావున వారిని ముందుకు, పెద్దవాండ్రను వెనుకకు నిలుపుట కొన్నిచోట్ల కలదు. అది కూడదు. గీత యొక్కటే యుండవలెను. దూరము మార్చవలసినచో దిమ్మలనే ముందుకో వెనుకకో జరుపవలెను. ఒకడు ముందు, ఒకడు వెనుక నిలిచి వేయుచున్న చోటు మీ కంటబడెనా, తక్కినదేదియు విచారింపక బిడ్డ చేయి పట్టుకొని యింటికి రండు.

ఆ గీతను నడపునది ఈల. ఈలకొక భాష యున్నది. పిల్లలు అక్షరములకంటె ముందు దానిని నేర్వవలెను. రెండు మార్లూదిన వరుసవారు గీతమీదికి రావలెను. ఒకమారూదిన బాణము నారికి తొడిగి వేయవచ్చును. మూడుమార్లూదిన వేయుట ముగిసినది. విండ్లను స్థానములందుంచి బాణములు తెచ్చుకొనుటకు నడచిపోవలెను. ఐదుగాని అంతకు మించిగాని వరుసగా ఊదిన ప్రమాదమని యర్థము: లాగిన నారిని మెల్లగా దింపి, బాణము తీసివేసి, ఉన్నచోటనే నిలువవలెను. ఒంటి ఈల వినబడక మున్ను బాణమును నారికి తొడుగరాదు. తొడిగిన పిమ్మట దాని మొన నేలవైపో దిమ్మవైపో తప్ప వేఱు దిక్కునకు తిరుగరాదు. స్నేహితురాలు పిలిచెనని వింటితో సహా తిరుగు పిల్లవలన కలుగు ప్రమాదము ఇంతంత కాదు. ఆకాశమువైపు ఎత్తి నారి లాగుటయు నిట్టిదే. చేయి జాఱినచో పిల్లల వింటి బాణము సైతము నూరు గజముల దూరము పోయి పడగలదు. బాణమొకటి జాఱి గీతకు ముందు పడినచో వంగి తీసికొనరాదు. అందరు ముగించువఱకు అది అచ్చటనే పడియుండుగాక.

ఈల యూదు అధికారము ఒక్కరిదే. ఆపుమని కేకవేయు అధికారము మాత్రము అచ్చటనున్న ప్రతిబిడ్డకును ఉండవలెను. కుక్క అడ్డము వచ్చినను, తోడివాని విల్లు వంకరపోయినను, ఆఱేండ్ల పసిది యఱచినను అందరు ఆగవలసినదే. ఆ యఱపు వృథాయైనచో ఆ బిడ్డను గద్దింపరాదు. ఒకమారు గద్దింపబడిన బిడ్డ రెండవమారు నోరు విప్పదు. చెవులు సరిగా వినబడని బిడ్డ యున్నచో గురువు ఈలతోపాటు జెండా యూపవలెను. ఆ సంగతి తల్లి ముందుగానే చెప్పియుంచవలెను.

కుండ కొనునప్పుడు తట్టి చూతుము గదా! అట్లే చేర్పించుటకు ముందు చెట్టునీడ నొక అరగంట కూర్చుండి చూడుడు. మూడు ఈలలు వినబడక మున్నే ఎవరైన గీత దాటి పోవుచున్నారా? దిమ్మలవైపు పరుగెత్తుచున్నారా, నడచుచున్నారా? అందరు మరలి వచ్చిరని లెక్క చూచుకొన్న పిదపనే మరల ఈల యూదుచున్నారా? ఈ మూడును చక్కగానున్నచో తక్కినవి సరిచేసికొనవచ్చును.

వింటినిగూర్చి తల్లిదండ్రులు చేయు పొరపాటు, పెద్దది కొన్నచో రెండు మూడేండ్లు వచ్చునని తలచుట. గౌనునకు పనికివచ్చు లెక్క వింటికి పనికిరాదు. వింటి బలమును పౌండ్లలో కొలుతురు. నారిని పూర్తిగా లాగుటకు కావలసిన బలమది. క్రొత్తగా నేర్చు పిల్లలకు 10 మొదలు 20 పౌండ్ల లోపు చాలును. లాగిన నారిని కొంతసేపు వణకక పట్టుకొని, వదలక మరల దింపగలిగిననే ఆ విల్లు ఆ బిడ్డకు తగినది. పండ్లు బిగబట్టి, నడుము వెనుకకు విఱిచి లాగుచున్నచో అది అతనికి మించిన విల్లు. భుజమునకును చేటు, గుఱికిని చేటు. ఒలింపిక్ పోటీలలో 70 మీటర్ల దూరమునుండి 122 సెంటీమీటర్ల లక్ష్యమును కొట్టుదురని విని పిల్లలు తొందరపడుదురు. మొదటి నెలలలో 5 మొదలు 10 మీటర్లు చాలును. దిమ్మ పెద్దది కావలెను. జ్యోతిసురేఖ వాడు కాంపౌండు వింటికి రెండు కొనలను కప్పీలవంటి చక్రములుండును. పూర్తిగా లాగినపుడు చేతిమీది భారము తగ్గుటకు అవి తోడ్పడును. చూచుటకు ముచ్చటగా నుండును గాని అది గురువు చెప్పిననాడు పట్టవలసినది.

బాణము పొట్టిదిగా నుండరాదు. ఇది చిన్నమాటవలె తోచును; కాదు. నారిని పూర్తిగా లాగినపుడు పొట్టిబాణపు మొన వింటిని దాటి లోపలికి వచ్చి, వదలినపుడు విల్లుపట్టిన చేతిలోనే దిగగలదు. పెరుగు పిల్లలకు రెండంగుళములైనను అదనముగానున్న బాణము లియ్యవలెను. ఆఱునెలల కొకమారు కొలిచి చూడవలెను. కఱ్ఱబాణమున పగులున్నదేమో, కార్బను బాణమున చీలికయున్నదేమో ప్రతిదినము వంచి, వినికిడితోను వ్రేలితోను పరీక్షించి, అనుమానము గలదానిని విఱిచి పాఱవేయవలెను. దాచియుంచినచో ఎవడో యొకడు దానిని మరల తీయును. బాణము లేక ఉట్టినారి లాగి విడుచుట పిల్లలకు వేడుక. ఆ బలమంతయు బాణమునకు పోక వింటికే తగులును, విల్లు పగిలి ముఖమున కెగురును. కాంపౌండు వింటితో ఇది మఱింత ప్రమాదము.

మన ఆడపిల్లల వేషమునకు ఈ విద్యకు కొంత పేచీ గలదు. వ్రేలాడు వోణీ, ముందుకు పడిన జడ, పొడవైన గొలుసు, జుమికీలు, విల్లుపట్టు చేతి గాజులు: ఇవన్నియు నారికి చిక్కుకొనునవి. వోణీ బిగించి దోపవలెను, లేదా ఒంటికి పట్టియున్న చొక్కా తొడుగవలెను, జడ ముడివేయవలెను, నగలు ఇంటనే యుంచవలెను. కాలికి వ్రేళ్లు మూసిన జోడు కావలెను, ఏలయన గడ్డిలో పడియున్న బాణపుమొన కనబడదు. విల్లుపట్టిన ముంజేతికి తోలు తొడుగు, నారిలాగు వ్రేళ్లకు తోలుముక్క తప్పనిసరి. ఎదిగిన ఆడపిల్లలకు రొమ్మునకు తొడుగు కావలెను. దానిని అడుగుటకు బిడ్డ సిగ్గుపడును గనుక తల్లియే అడిగి కొనియియ్యవలెను. ఇవి క్రొత్తగా పుట్టిన నాజూకులు కావు. భారతయోధులకు ముంజేతి తొడుగు, వ్రేళ్ల తొడుగు ఉండెను. అర్జునుడంతవాని చేతులందు నారిదెబ్బలకు కాయలు కాచి, బృహన్నలయైనపుడు వానిని గాజులతో కప్పుకొనవలసి వచ్చెను గదా!

దిమ్మనుండి బాణమును పెఱుకునపుడు వెనుక నెవరు నిలువరాదు. బాణపు తోక వారి కంటికి తగులును. ఒక చేత దిమ్మ నదిమిపట్టి, వేఱొక చేత దిమ్మకు దగ్గఱగా బాణమును పట్టి నేరుగా లాగవలెను. తెచ్చునపుడు మొనలు నేలవైపు.

జాగ్రత్త తప్పినచోట నేమగునో చెప్పక తప్పదు. 2020 జనవరిలో అస్సాము రాష్ట్రమున దిబ్రూగఢ్ జిల్లా చబువాలో, బాణాభ్యాసము జరుగుచుండ ఒక చిన్న బాలికకు బాణము భుజమునకు పైన మెడభాగమున దిగెను. దానిని అచ్చట పెఱికివేయక, అట్లే విమానమున ఢిల్లీకి తీసికొనిపోయి, అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో శస్త్రచికిత్స చేసి తీసిరి, బిడ్డ బ్రతికెను. దిగిన బాణమును లాగరాదనునది ప్రతి తల్లియు, ప్రతి శిక్షకుడును కంఠస్థము చేయవలసిన సంగతి. అది లోపలి రక్తనాళమును తానే మూసియుండవచ్చును. లాగినచో రక్తము కట్టలు త్రెంచుకొనును. కదలకుండ చుట్టును మెత్తని గుడ్డలు అమర్చి కట్టి, 108కి కబురుచేసి, బిడ్డతో మెల్లగా మాటలాడుచుండవలెను. కంటికి తగిలినచో కడుగరాదు, అదుమరాదు, మందు వేయరాదు, చనుబాలు పిండుట వంటి ఇంటివైద్యము అసలే పనికిరాదు. కంటికి తగులకుండ నొక చిన్న కాగితపు గిన్నె బోర్లించి కట్టి కంటి వైద్యునికడకు పోవలెను. నారిదెబ్బకు కమిలిన చేతికి చల్లనినీటి గుడ్డ చాలును. మన ఎండలో బాణముకంటె ముందు పిల్లలను పడగొట్టునది దాహము. నీడయు, త్రాగునీరును, అరగంటకొక విరామమును లేని స్థలము వేసవిలో పిల్లలకు తగదు. ప్రథమచికిత్స పెట్టె ఎచ్చటనున్నదని అడిగి, తెఱిపించి చూడుడు. పెట్టె యుండుట వేఱు, లోపల దూదియుండుట వేఱు.

నేర్పువారు కనీస మిద్దరుండవలెను. ఒకరు గీతను చూచుచుండ, ఇంకొకరు తడబడు బిడ్డప్రక్క నిలిచి దిద్దవలెను. ఒక్కరే రెండు పనులును చేయజాలరు. ఈ విద్యలో భుజమును, మోచేతిని తాకి సరిదిద్దుట యుండును. కావున ఆడపిల్లల విషయమున తల్లి మొగమాటము విడిచి మాటలాడవలెను. తాకుటకు ముందు చెప్పి తాకవలెను, అందఱెదుటనే తాకవలెను, నోటితో చెప్పినచాలునన్నచోట తాకనే కూడదు. ఒంటరిగా పిలిపించి నేర్పెదనను గురువు ఎంత ఘనుడైనను వలదు. ఆడబిడ్డకే గాదు, మగబిడ్డకును ఇదే మాట. పదునెనిమిదేండ్లలోపు పిల్లలను కాపాడుటకు 2012లో పోక్సో చట్టము వచ్చినది. 1098 అను సంఖ్యకు బిడ్డయే స్వయముగా ఫోను చేయవచ్చును. ఈ సంఖ్యను పిల్లలకు ఈలభాషతోపాటు నేర్పుడు. తల్లులు వచ్చి చూడవచ్చునా యని యడిగినపుడు నొసలు ముడిచిన స్థలమునకు బిడ్డను పంపవలసిన పని లేదు.

విల్లు ఇంటికి వచ్చిన పిమ్మట భారము పూర్తిగా మనదే. మన నెల్లూరి తిక్కనసోమయాజి తెలుగు చేయ నారంభించిన విరాటపర్వమున, పాండవులు పట్టణము ప్రవేశించుటకు ముందు చేసిన మొదటి పని ఆయుధములను జమ్మిచెట్టుమీద, ఎవరు చేరజాలని కొమ్మన, శవమువలె మూటగట్టి దాచుట. నారి సడలించి, మూటగట్టి, పిల్లల కందనిచోట బీరువాలో పెట్టి తాళము వేయవలెను. బాణములకు వేఱొక చోటు, వేఱొక తాళము. చుట్టములు వచ్చినపుడు, "ఏదీ, వేసి చూపుమమ్మా" అని హాలులోనో మేడమీదనో వేయించు వేడుకను పెద్దలే మానుకొనవలెను. గీతలేదు, ఈలలేదు, వెనుక వలలేదు; మేడక్రింద వీధియున్నది.

నిజమైన వింటికంటె ఇంటిలో ఎక్కువ భయపడవలసినది చీపురు ఈనెల విల్లు. 1987లోను 1988లోను దూరదర్శనమున రామాయణ భారతములు మొదలైనపుడు దేశమందలి పిల్లలందరు పుల్లల విండ్లు పట్టిరి. వానివలన కన్నులు గాయపడిన బిడ్డలను గూర్చి కంటి వైద్యులు తమ పత్రికలలో వ్రాసిరి. పుల్ల తేలికయే గాని దాని కొన సూదివలె నుండును. విసరువాడు మూడడుగుల దూరమున నుండును. గీత గీయువారెవరు నుండరు. అట్టి ఆట కనబడినపుడు విల్లు లాగికొని కొట్టుటవలన లాభము లేదు, పెరటిలో మఱియొకటి పుట్టును. మనుష్యునివైపు, కోడివైపు, కుక్కవైపు గుఱిపెట్టరాదను కట్టడి ముందు పెట్టి, ఈనెలను తీసివైచి, మొనకు మెత్తని గుడ్డయుండ చుట్టిన లావుపాటి పుల్ల నిచ్చి, గోడమీద బొగ్గుతో చుట్టు గీసి చూపవలెను. శిక్షణకు పోవు పిల్లలకు గురువులు సాగు రబ్బరుపట్టీ నొకదానిని ఇత్తురు. ఇంటికడ దానినే విల్లువలె లాగి, గడ్డముక్రింద ఆనించి, పది లెక్కించి దింపుచు భుజములకు బలము తెచ్చుకొందురు. అద్దము ముందు నిలిచి చేయుమనుడు. మోచేయి వంగినదో లేదో బిడ్డకే తెలియును, మీరు వంటయింటిలోనుండి చూడవచ్చును.